ఏడో నంబరు గాజు

ఆ వానాకాలం మొదట్లో మా వీధిలోని ఏడు ఇళ్ల వెనక గోడలకు ఏడు గాజు ముక్కలు అతికించాం. అతికించింది మా ఆయన. కింద నంబర్లు గీసింది నేను.

వీధి అంటే కొండవాలు మీద మెట్లలాగా ఒకదాని పైన ఒకటి ఉన్న ఇళ్లు, వాటి పక్కనుంచి కిందికి దిగే సిమెంటు దారి. అన్నిటికన్నా కిందిది ఒకటో నంబరు, అన్నిటికన్నా పైది ఏడు. ఏడోది మాది. మా సామాన్ల గది వెనక గోడకూ కొండకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉండేది. ఏడింటిలో ఆరు ఇళ్లు మా ఆయన కట్టినవే. తాపీ మేస్త్రీ. గోడ ఒక వరుస లేచాక దాని మీద రసమట్టం పెట్టి, లోపలి బుడగ నడిమికి వస్తే గాని రెండో వరుస మొదలుపెట్టడు. అందుకని ఊళ్లో ఆయన్ని రసమట్టం అనే పిలిచేవాళ్లు. ఎదురుగా పిలిచినా పలికేవాడు.

వానలకు వారం ముందు జిల్లా ఆఫీసు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. మా అరుగు మీద మ్యాపు పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. మ్యాపులో కొండ మీద ఒక ఎర్ర గీత ఉంది. ఆ గీత కింద ఏడు చుక్కలు ఉన్నాయి.

"కొండ జారితే ముందు దెబ్బ తగిలేది ఈ ఏడు ఇళ్లకే," అంది.

"జారుతుందా?" అని అడిగాడు టైలరు. ఆరో నంబరు ఇల్లు ఆయనది, సరిగ్గా మా కింద.

"జారొచ్చు, జారకపోవచ్చు. పోయినేడు పక్క లోయలో జారింది."

"ఏదో ఒకటి తేల్చి చెప్పండమ్మా. జాకెట్టు బిగుతు కావచ్చు, వదులు కావచ్చు అని నేనంటే నా కొట్టుకి ఎవరైనా వస్తారా?"

అందరూ నవ్వారు. ఇంజినీరమ్మ కూడా నవ్వింది. నవ్వాక, కొండ కదలికను కొలిచే పరికరం తమ దగ్గర ఒక్కటే ఉందని, అది మాకు వచ్చే ఏడాది గాని రాదని చెప్పింది.

"పరికరం దాకా ఎందుకండీ?" అన్నాడు మా ఆయన. "గోడ కదిలిందో లేదో చెప్పడానికి గాజు ముక్క చాలు."

ఎలాగో చెప్పాడు. గోడకు పగులున్నచోట దానికి అడ్డంగా పలచటి గాజు ముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటు మాలుతో అతికించాలి. పగులు లేకపోతే గోడ మూలన పెట్టాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు. పగులుతుంది. ఇంజినీరమ్మ తల ఊపింది. పాత వంతెనలకు మేమూ అదే చేస్తాం అంది. అప్పటికప్పుడు ఒక కాగితం మీద నియమం రాసింది: ఏడింటిలో ఏ ఒక్క గాజు పగిలినా గంటలోగా ఏడు ఇళ్లవాళ్లూ బడికి చేరాలి. బడి వాగుకు అవతల, రాతి నేల మీద ఉంది.

"రోజూ చూసేదెవరు?" అని అడిగింది.

"ఎవరి గాజు వాళ్లు చూసుకుంటారు. పగిలితే వచ్చి నాకు చెప్తారు. నేను ఈల ఊదుతాను."

"మరి మీ ఇంట్లోది?"

"మా ఇంట్లోది నేనే చూస్తానుగా."

ఆ మాటలో తప్పు ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

ఆమె ఇంటికొక అచ్చు కాగితం కూడా ఇచ్చి వెళ్లింది. గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక సంచీ సర్ది ఉంచాలి. అందులో టార్చి, మందులు, తాడు, ఈల, రెండు రోజుల తిండి, ప్లాస్టిక్ కవర్లో ఇంటి కాగితాలు ఉండాలి. కింద కొన్ని గడులు ఉన్నాయి. 'నడవలేనివారు' అన్న గడి దగ్గర నేను ఆగాను. మా అత్తయ్యకు తుంటి ఎముక విరిగి అప్పటికి ఏడాది. కర్ర పట్టుకుని నడిచేది.

"ఏం రాస్తున్నావమ్మాయ్?"

"మీ పేరు అత్తయ్యా."

"నడవలేనిదాన్నా నేను? పొద్దున బావి దాకా ఎవరెళ్లారు?"

"మరేం రాయమంటారు?"

"పరిగెత్తలేదు అని రాయి. నడవలేదని రాస్తే ఆ ఆఫీసువాళ్లు వానకు ముందే నన్ను మోసుకుపోతారు."

సంచీని కూడా ఆవిడే తనిఖీ చేసింది. అన్నీ బయటికి తీసి, తన దుప్పటి అడుగున పెట్టి, మిగతావి దాని మీద సర్దింది. పక్కవాళ్ల దుప్పటి అడిగి కప్పుకునేంత కర్మ పట్టలేదంది. దుప్పటికి చోటివ్వడానికి తాడు బయటికి పోయింది. నేను మళ్లీ లోపల పెట్టాను. మర్నాడు చూస్తే మళ్లీ బయట ఉంది.

నేను ఆ బడిలోనే టీచర్ని. బడి ఆవరణలో వాన కొలిచే డబ్బా ఉంది. రోజూ ఎనిమిదింటికి అందులోని నీళ్లు గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో రాసి, జిల్లా ఆఫీసుకు ఫోను చేయాలి. ఫోను ఎత్తే గుమాస్తా అంకె రాసుకున్నాక రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఇంకేమైనా విశేషాలున్నాయా?" లేవని చెప్పి పెట్టేసేదాన్ని.

మొదటి మూడు వారాలు అలాగే గడిచాయి. ముప్ఫై ఎనిమిది, పదిహేడు, యాభై రెండు, సున్నా, ఇరవై. పనికి పోయే ముందు మా ఆయన సామాన్ల గదిలోకి వెళ్లి, బియ్యం బస్తా పక్కకు జరిపి, గాజు చూసి వచ్చేవాడు. దారి దిగుతుంటే ఒక్కో ఇంటి ముందూ ఒక్కరు అడిగేవాళ్లు.

"ఏమంటోంది రసమట్టం, నీ గాజు?"

"బాగుందంటోంది. మీది?"

"మాదీ బాగానే ఉంది."

వాగు అవతలి పేట నుంచి కూడా ఇద్దరు వచ్చి గాజు ఎలా పెట్టాలో అడిగి నేర్చుకుని వెళ్లారు. ఆ రోజుల్లో ఆయన నడకలో తేడా వచ్చింది. తను కట్టిన గోడలకు తనే కాపలా అన్నట్టు ఉండేవాడు.

మాకు మాత్రం ఇంట్లో మరో అలవాటు వచ్చింది. వెనక సందులో గులకరాయి పడితే ముగ్గురం మాట ఆపేవాళ్లం. రెండోది పడుతుందేమోనని వినేవాళ్లం. పడకపోతే అత్తయ్యే ముందు మొదలుపెట్టేది, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే. అన్నం వడ్డించేటప్పుడు గరిటె గిన్నెకు తగలకుండా వడ్డించడం నేర్చుకున్నాను. తలుపులు మెల్లగా వేసేవాళ్లం. చప్పుడు చేస్తే కొండకు వినిపిస్తుందన్నట్టు.

నాలుగో వారం, బుధవారం పొద్దున, బియ్యం కోసం నేను సామాన్ల గదిలోకి వెళ్లాను. బస్తా ఎప్పుడూ ఉండేచోట కాకుండా ఒక అడుగు ఎడమకు ఉంది. దాన్ని జరిపితే గాజు కనిపించింది. గాజు పగలకుండా ఉంది. కానీ దాని రెండు చివర్లా ఉన్న మాలు నల్లగా ఉంది.

సిమెంటు మాలు ఆరేకొద్దీ తెల్లబడుతుంది. నెలనాటి మాలు బూడిద రంగులో ఉంటుంది. పదకొండేళ్లు మేస్త్రీతో కాపురం చేసినదానికి నిన్నటి మాలేదో నెలనాటిదేదో ఒకరు చెప్పక్కర్లేదు. గోరు పెట్టి గీకాను. గోరు దిగింది. కింద మేకుతో గీసిన ఏడు అంకె ఉంది గాని, అది నేను గీసింది కాదు.

బయటికి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు.

"గాజు చూశారా?"

"చూశా. బాగుంది."

"నిన్నా బాగానే ఉందా?"

"నిన్నా బాగానే ఉంది." తల ఎత్తలేదు. తాపీ అప్పటికే శుభ్రంగా ఉంది. ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

నేను గొడుగు తీసుకుని బడికి వెళ్లాను. పన్నెండు మిల్లీమీటర్లు. ఫోను చేశాను. గుమాస్తా రాసుకుని, "ఇంకేమైనా విశేషాలున్నాయా?" అన్నాడు.

"లేవు," అన్నాను.

అప్పుడు నా బుర్రలో ఏముందో ఉన్నదున్నట్టు చెప్తాను. కొత్త గాజు పెట్టాడంటే పాతది పగిలిందని అర్థం. పగిలిందంటే ఏడు ఇళ్లూ ఖాళీ చేయాలి. ఖాళీ చేయమని చెప్పాలంటే రసమట్టం అబద్ధమాడాడని వీధిలో చెప్పాలి. మాలులో సిమెంటు పాలు ఎక్కువైతే, ఆరేటప్పుడు అది బిగుసుకుని గాజును పగలగొట్టడం కూడా ఉంటుంది. ఒకసారి ఆయనే చెప్పాడు. అలాగే జరిగిందనుకున్నాను. పన్నెండు మిల్లీమీటర్లకు కొండ జారదనుకున్నాను. ఆయనే చెప్తాడు, ఈ పూట కాకపోతే రేపు అనుకున్నాను. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటూ మూడో తరగతికి ఎక్కాలు చెప్పాను.

గురువారం నాలుగు మిల్లీమీటర్లు. ఎండ ఒక గంట కాసింది. టైలరు భార్య తీగ మీద బట్టలు ఆరేస్తూ నన్ను ఆపింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. వాళ్లు పడుకునే గది మా సామాన్ల గదికి సరిగ్గా కింద.

"అక్కా, బావగారు ఏమంటున్నారు?"

"బాగుందంటున్నాడు."

"హమ్మయ్య. ఆయన మాటే మాకు ధైర్యం. మా ఇంటాయన ఉన్నాడే, గాజు చూడమంటే అందులో మొహం చూసుకుని వస్తాడు."

ఇద్దరం నవ్వాం. నేను చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఆయన బాగుందనే అంటున్నాడు.

శుక్రవారం ఇరవై తొమ్మిది. మధ్యాహ్నం ముగ్గురం అన్నం తింటున్నాం. సందులో గులకరాయి పడింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత పిడికెడు మట్టి జారిన చప్పుడు.

"ఏమండీ," అన్నాను, "మాలు మరీ గట్టిగా కలిపితే గాజు పగులుతుందని ఒకసారి అన్నారు కదా."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

"పగలొచ్చు."

"పగిలిందా?"

"అన్నం దగ్గర ఆ పగలడాల మాటలేమిట్రా?" అంది అత్తయ్య, ఇద్దరికీ కలిపి. "తినండి ముందు."

ఆయన తినలేదు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసింది. సాయంత్రం తిరిగొచ్చాక ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు కాదనేవాళ్లు కాదు. ఎవరం మొదలుపెట్టలేదు.

శనివారం ఎనిమిదింటికి డబ్బా తెరిస్తే గొట్టం ఒక్కసారికి చాలలేదు. నాలుగుసార్లు పోశాను. తొంభై ఒకటి.

"మళ్లీ చూడండి టీచరుగారూ," అన్నాడు గుమాస్తా.

"రెండుసార్లు చూశాను."

"మీ గాజులు ఎలా ఉన్నాయి?"

"చూసి చెప్తాను," అని పెట్టేశాను. వాగు మీది చప్టాను నీళ్లు తాకుతున్నాయి. దారంతా పరుగులాంటి నడకతో ఎక్కాను. ఆయన పనికి పోలేదు. రెయిన్‌కోటు వేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"ఎంత?"

"తొంభై ఒకటి."

నేను ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లి, బస్తా జరిపాను. గాజు పగలకుండానే ఉంది. ఆయన పనిముట్ల సంచీ ఆ గదిలోనే ఉంది. చిన్న సుత్తి తీశాను. గాజు పగలడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు.

"పగిలింది," అని పిలిచాను.

ఆయన వచ్చి చూశాడు. గోడ కదిలి పగిలిన గాజుకు ఒకే గీత ఉంటుంది. దీనికి నడిమధ్యన ఒక చుక్క, చుక్క చుట్టూ గీతలు. సుత్తి నా చేతిలోనే ఉంది.

"అవును," అన్నాడు. "పగిలింది."

ఉలి తీసుకుని గాజునూ మాలునూ గోడ మీద నుంచి గీకేశాడు. ఈల జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

ఏడు ఇళ్లు ఖాళీ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇంజినీరమ్మ రాసిన నియమంలో గంట అని ఉంది. ఆయన వాళ్లమ్మను వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆవిడ ఒక చేత్తో కొడుకు మెడ, ఒక చేత్తో దుప్పటి పట్టుకుంది.

"మెల్లగా దిగరా. నేనేమన్నా సిమెంటు బస్తానా?"

"బస్తా అయితే మాట్లాడదు కదమ్మా."

టైలరు మాత్రం కుట్టు మిషను దగ్గర ఆగిపోయాడు. కాళ్ల మిషను, ఇద్దరు మోయాలి. అచ్చు కాగితంలో మిషను లేదుగా అన్నాను. "కాగితం రాసినావిడ బట్టలు కుట్టి బతకదుగా టీచరమ్మా," అన్నాడు. భార్య పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని అతని వైపు చూసింది. మిషను వదిలేసి వచ్చాడు.

బడిలో బెంచీలు గోడకు జరిపి పడుకున్నాం. ఆదివారం ఆరు మిల్లీమీటర్లు. సోమవారం సున్నా. మంగళవారం సున్నా, ఎండ. కొండ ఎక్కడిదక్కడే ఉంది. వాగు అవతల నుంచి మా ఏడు ఇళ్లూ కనిపిస్తున్నాయి. గోడలు ఆరుతున్నాయి. ఎవరింటి వైపు వాళ్లు చూస్తూ, ఎందుకొచ్చామా అన్నట్టు కూర్చున్నారు.

మంగళవారం పదింటికి టైలరు సంచీ భుజాన వేసుకుని మా బెంచీ దగ్గరికి వచ్చాడు. పిల్లలిద్దరికీ చెప్పులు తొడిగి ఉన్నాయి.

"బావా, నిన్న పైకి వెళ్లి చూసొచ్చాను. మా ఆరు గాజులూ బాగున్నాయి. మీదొక్కటే ఎందుకు పగిలింది?"

"మాది పైన ఉంది."

"మీ అమ్మ కర్ర తగిలిందేమో చూశావా?"

"నా కర్ర తగిలితే పగిలేది గాజు కాదురా, నీ బుర్ర," అంది అత్తయ్య.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టైలరు నవ్వలేదు. "బడి పిల్లల బట్టలు నలభై జతలు కుట్టాల్సినవి అక్కడున్నాయి. మిషను అక్కడుంది. నేను పోతున్నా. పోయే ముందు ఒక్కసారి ఆ పగిలిన ముక్క చూపించు. గోడ మీద లేదు, చూశాను."

సంచీలు సర్దుతున్నవాళ్లు చేతులాపి ఇటు చూశారు. మా ఆయన వెళ్లండంటే అందరూ వెళ్లేవాళ్లే. నిజానికి ఆయన ఏం చెప్పినా సరిపోయేది. అమ్మ కర్రే తగిలిందనొచ్చు. మా ఆవిడే సుత్తితో కొట్టిందనొచ్చు, అది నిజం కూడా. నేను రిజిస్టరు పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

ఆయన పనిముట్ల సంచీ విప్పి, అడుగు నుంచి సిమెంటు బస్తా కాగితంలో చుట్టిన పొట్లం తీశాడు. టైలరు చేతిలో పెట్టాడు. అందులో గాజు ముక్కలు రెండు. రెండిటికీ ఒక్కో చివర తెల్లబడిన మాలు ఉంది. కలిపి పట్టుకుంటే మధ్యలో ఒకే గీత, తిన్నగా.

"శనివారం ఇలా పగిలిందా?"

"శనివారం కాదు. మంగళవారం."

"ఈ రోజే కదా మంగళవారం."

"పోయిన మంగళవారం." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "మాలు వల్ల పగిలిందిలే అనుకున్నా. ఇంకోటి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కొండ కదులుతోంది. వెళ్లకండి."

టైలరు భార్య వేళ్లు మడిచింది. మంగళ, బుధ, గురు, శుక్ర.

"నాలుగు రాత్రులు," అంది. "నాలుగు రాత్రులు నా పిల్లలు నీ గోడ కింద పడుకున్నారు. నువ్వు పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి బాగుందన్నావు."

"అన్నాను."

ఆమె నా వైపు చూసింది. పాపం అన్నట్టు చూసింది. నేను రిజిస్టరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

టైలరు పొట్లాన్ని మళ్లీ చుట్టి బెంచీ మీద పెట్టాడు. భుజం మీది సంచీ దించాడు. పిల్లల చెప్పులు విప్పాడు. ఇంకెవరూ బయల్దేరలేదు.

మర్నాడు, బుధవారం, పదకొండు దాటి పది నిమిషాలకు కొండ జారింది. వాన లేదు. లారీ నుంచి కంకర దింపుతున్న చప్పుడు మొదలై, ఆగవలసినచోట ఆగలేదు. మా సామాన్ల గది ముందు పోయింది. తర్వాత ఇల్లు. ఆ తర్వాత టైలరు ఇంట్లో వెనక సగం, పిల్లలు పడుకునే గదితో సహా. ఐదో నంబరు గోడ దగ్గర మట్టి ఆగింది. ఆ గోడ మా ఆయన కట్టిందే. ఎవరూ ఆ మాట అనలేదు. అంతా కలిపి రెండు నిమిషాలు. టైలరు కోళ్లు రెండు పోయాయి. మనుషులు ఎవరూ పోలేదు.

ఇంజినీరమ్మ మర్నాడు వచ్చింది. టేపు పెట్టి కొలిచింది. రిజిస్టరు చూసి, జిల్లా మొత్తంలో ఒక్కరోజు కూడా తప్పకుండా వాన లెక్క పంపింది నేనొక్కదాన్నేనని అందరి ముందూ చెప్పింది. కొందరు నాకు దండం పెట్టారు. మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు. ఆయన చుట్టూ నాలుగు అడుగుల ఖాళీ ఉంది.

ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను: "నేను బుధవారమే చూశాను. వాళ్లకు చెప్పేస్తాను."

"వద్దు."

"మీరొక్కరే ఎందుకు పడాలి?"

"ఇంటికి ఒక్కరు చాలు." బిందె నిండేదాకా ఆగి మళ్లీ అన్నాడు. "రేపు ఇంకో వాన వస్తుంది. వెళ్లిపోండని ఎవరో ఒకరు చెప్పాలి. నా మాట ఇంక వినరు. నీ మాట వింటారు. అదీ పోగొడతావా?"

నేను బిందె ఎత్తుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

వానలు తగ్గేదాకా ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. బడి పక్క మెరక మీద మాకూ టైలరుకూ రేకుల షెడ్లు వేసుకోవడానికి చోటిచ్చారు. మా షెడ్డు ఆయనే కట్టాడు. అయ్యాక మళ్లీ కొలిచాడు. మళ్లీ కట్టాడు. "వీణ్ణి ఎవరైనా పనికి పిలవండ్రా," అంది అత్తయ్య దారినపోయేవాళ్లతో. "లేకపోతే నా చుట్టూ కూడా గోడ కట్టేస్తాడు." దారినపోయేవాళ్లు నవ్వేవాళ్లు గాని ఆగేవాళ్లు కాదు. టైలరు షెడ్డు గోడలకు పక్క ఊరి నుంచి మేస్త్రీని తెప్పించుకున్నారు. ఆ గోడ మా వాకిట్లోంచి కనిపించేది. ఆయన అటు వీపు పెట్టి కూర్చునేవాడు.

వానలు పూర్తిగా ఆగిన వారం, జాకెట్టు గుడ్డ పట్టుకుని నేను టైలరు షెడ్డుకు వెళ్లాను. మట్టిలోంచి తీసిన మిషనును విప్పి, కడిగి, నూనె పోసి నడిపిస్తున్నాడు. చక్రం తిరిగినప్పుడల్లా ఇసుక నలిగిన చప్పుడు వచ్చేది. భార్య గుండీలు కుడుతోంది. నన్ను చూసి లేచి స్టూలు వేసింది.

"నువ్వు రావాలా అక్కా? కబురు పెడితే నేనే వచ్చి తీసుకెళ్లేదాన్ని కదా." గుడ్డ అందుకుని బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నువ్వు వాన చూసి పరిగెత్తుకు రాకపోతే మేమెక్కడ? ఆయన్నడిగితే ఇంకా బాగుందనే అనేవాడు. నాలుగు రాత్రులు దాచినవాడికి ఐదోది లెక్కా?"

స్టూలు మీద కూర్చోలేదు నేను.

"మొదటి రాత్రి ఒక్కటే ఆయనది," అన్నాను. "మిగతా మూడూ నావి కూడా."

"అంటే?"

"బుధవారం పొద్దున చూశాను. మాలు తడిగా ఉంది. గాజు మార్చారని నాకు తెలుసు."

"గురువారం నేనడిగినప్పుడు..."

"గురువారం నువ్వు బట్టలు ఆరేస్తున్నావు. బాగుందంటున్నాడని చెప్పాను."

మిషను ఆగింది. టైలరు పాదం తొక్కుడు బల్ల మీదే ఉంది.

"మరి ఆ రోజు బడిలో ఆయన చెప్పలేదే?"

"ఇంటికి ఒక్కరు చాలన్నాడు."

టైలరు సూది కింద ఉన్న గుడ్డను బయటికి లాగి, దారం కొరికాడు. గుమ్మం వైపు చూశాడు. తర్వాత ఆ గుమ్మానికే చెప్తున్నట్టు అన్నాడు: "ఇది ఒక పక్కకి ఒరిగింది. తలుపు పడటం లేదు. బావను రేపు పొద్దున ఒకసారి వచ్చి చూడమను."

"చెప్తాను," అన్నాను.

అతని భార్య ఒళ్లో ఉన్న చొక్కా పక్కన పెట్టి లేచింది. బల్ల మీది నా గుడ్డ తీసింది. మడత విప్పలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి, వెళ్లి మళ్లీ గుండీలు కుట్టడం మొదలుపెట్టింది.